పెళ్లి మందు కాదు

"పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు" అని ఒక సామెత వుంది. నవ్వులాటకు చెప్పుకునే మాటే. కానీ కణేకల్ చుట్టుపక్కల పల్లెల్లో ఈ సామెతలోని రెండో సగాన్ని నిజమని నమ్మి పెళ్లిళ్లు చేసేస్తున్నారు. ఇది ఒక్క కణేకల్ సంగతే కాదని మాకూ తెలుసు. అయితే కరువుకూ, వలసకూ, అప్పులకూ అలవాటుపడిన ఈ హగరి ఒడ్డు పల్లెల్లో ఆ నమ్మకం బరువు ఆడపిల్ల మీద ఎలా పడుతుందో మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

ఆడవాళ్ల సమావేశాల్లో మేం వినే కథలు పేర్లు మారినా దాదాపు ఒకటే. పిల్లవాడు బడికి పోయే వయసునుంచే తగాదాలు. తోటిపిల్లల్ని కొట్టడం, ఇంట్లో డబ్బు తీయడం, మేకపిల్లనో కుక్కపిల్లనో హింసించి వినోదం చూడటం. పదిహేనేళ్లకు బడి మానేస్తాడు. ఇరవై ఏళ్లకు ఊరంతా అప్పులు. అడిగినవాళ్లకు అడిగినన్ని అబద్ధాలు. దొరికిపోయినప్పుడు కూడా మొహంలో సిగ్గు కనిపించదు. అప్పుడు పెద్దలు కూర్చుని తేల్చే వైద్యం ఒకటే. "పెండ్లి చేస్తే వాడే దోవకొస్తాడు." పిల్లను మాత్రం దూరం ఊరినుంచి తెస్తారు. దగ్గర ఊళ్లలో అయితే సంగతి తెలిసిపోతుంది కదా! ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల ఒంటి మీద దెబ్బలతో, చంకలో బిడ్డతో పుట్టింటికి వస్తుంది. "ఓపిక పట్టమ్మా, బిడ్డ పుట్టినాడు కదా, ఇంక మారతాడు" అని చెప్పి మళ్లీ బస్సెక్కిస్తారు.

అతనికేమైనా జబ్బా? జబ్బయితే ఆమె ఏం చేయాలి? ఈ ప్రశ్న ఇప్పుడు చదువుకున్న అమ్మాయిలే అడుగుతున్నారు. అందుకని దీన్ని గురించి వైద్యశాస్త్రం ఏమంటోందో, అందులో స్త్రీలుగా మనకు పనికొచ్చేదేమిటో, మనమీద ఎదురుతిరిగేదేమిటో మాట్లాడుకోవడం అవసరం.

ఇలాంటి స్వభావానికి డాక్టర్లు పెట్టిన పేరు సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత, ఇంగ్లీషులో యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్. పేరు దగ్గరే రెండు పొరపాట్లు జరుగుతాయి. నలుగురితో కలవనివాడు, ముభావంగా వుండేవాడు అనుకోవడం మొదటిది. నిజానికి ఈ మనుషుల్లో చాలామంది మాటకారులు, కలుపుగోలుగా వుండేవాళ్లు. పెళ్లిచూపుల్లో అందరికంటే బాగా నచ్చేది వాళ్లే కావచ్చు. రెండోది, పోలీసులు వాడే 'సంఘ విద్రోహ శక్తులు' అన్న మాటతో దీన్ని కలిపేయడం. సారా దుకాణం ముందు కూర్చున్న ఆడవాళ్లకు కూడా ఆ ముద్ర వేయగల వ్యవస్థ మనది. వైద్యులు చెప్పే దానికీ దీనికీ సంబంధం లేదు.

అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో దీనికి స్పష్టమైన నియమాలు రాసింది. ఇప్పుడు వాడుకలో వున్న అయిదో కూర్పు ప్రకారం ఏడు లక్షణాల్లో కనీసం మూడు వుండాలి. చట్టాన్ని పదేపదే మీరడం, మోసం చేయడం, ముందువెనకలు ఆలోచించకుండా దూకడం, మాటిమాటికీ కొట్లాటకు దిగడం, తన ప్రాణమూ ఎదుటివాళ్ల ప్రాణమూ లెక్కచేయకపోవడం, పనిలోనూ డబ్బులోనూ బాధ్యత లేకపోవడం, ఎవరికి ఏం చేసినా పశ్చాత్తాపం లేకపోవడం. వయసు 18 దాటితేగాని ఈ పేరు పెట్టకూడదు. అయితే 15 ఏళ్లలోపే ఆ ధోరణి కనిపించి వుండాలి. అంటే ఇది నిన్న సారా తాగి ఇవ్వాళ కొట్టిన మనిషి సంగతి కాదు. చిన్నప్పటినుంచి అల్లుకొచ్చిన స్వభావం.

ఇది మనం మామూలుగా అనే పిచ్చి కూడా కాదు. చెవిలో మాటలు వినిపించడం, లేనిది కనిపించడం లాంటివేమీ వుండవు. తను చేసేది తప్పని అతనికి తెలుసు. తెలిసినా పట్టదు, అంతే. తెలివి చెడకుండానే నడత ఇంత చెడిపోయిన మనుషుల్ని చూసి పారిస్‌లో పినెల్ అనే వైద్యుడు పందొమ్మిదో శతాబ్దం మొదట్లోనే ఆశ్చర్యపోయాడు. 1835లో ఇంగ్లండులో ప్రిచర్డ్ దీనికి 'నైతిక ఉన్మాదం' అని పేరు పెట్టాడు. రెండు వందల ఏళ్లుగా పేర్లు మారుతూనే వున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమలులోకి తెచ్చిన కొత్త వర్గీకరణలో వ్యక్తిత్వ రుగ్మతలకు ఇలా వేరువేరు పేర్లుండే పద్ధతినే దాదాపుగా వదిలేసింది. రుగ్మత ఎంత తీవ్రంగా వుందన్నది ముందు చూసి, ఏ ధోరణులు బలంగా వున్నాయో తర్వాత చెప్పమంటోంది. పేరు గురించి వైద్యులకే ఇంత తర్జనభర్జన వున్నప్పుడు, ఊళ్లో ఎవరినిపడితే వాళ్లను 'సైకో' అనేయడానికి మనకు ఏ అధికారం వుంది?

మరి మనిషి ఇలా ఎందుకు తయారవుతాడు? మన పల్లెల్లో ఈ ప్రశ్నకు రెండు జవాబులు సిద్ధంగా వుంటాయి. ఒకటి 'పుట్టుక', రెండోది 'తల్లి పెంపకం'. రెండూ ప్రమాదకరమైన జవాబులే.

పుట్టుక అనే జవాబు ఎంత దూరం పోగలదో తెలుగు నేల మీద కళ్లారా చూశాం. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చి, కొన్ని కులాలకు కులాలే పుట్టుకతో దొంగలని రాసిపెట్టింది. ఎరుకల వాళ్లను తెచ్చి ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురంలో పెట్టి, వాళ్లను 'బాగుచేసే' పనిని 1910లలో సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. బిడ్డ కళ్లు తెరవకముందే నేరస్థుడు. 1952లో దేశమంతటా ఆ చట్టం పోయింది గాని ముద్ర పోలేదు. జైలు నియమావళుల్లో ఈ తెగల పట్ల మిగిలివున్న వివక్షను కొట్టేయడానికి సుప్రీంకోర్టు 2024 అక్టోబరు 3న తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. సుకన్య శాంత అనే మహిళా జర్నలిస్టు వేసిన కేసు అది. మన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఒక మనిషి కులాన్నిబట్టి, మతాన్నిబట్టి, సామాజిక స్థాయినిబట్టి మానసిక రోగి అని తేల్చకూడదని చెబుతోంది. ఈ పాఠం మర్చిపోకూడదు.

అలాగని పుట్టుకకు ఏ పాత్రా లేదనడం కూడా నిజం కాదు. కవల పిల్లల మీద, పెంపుడు పిల్లల మీద జరిగిన 51 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2002లో వచ్చింది. సంఘ వ్యతిరేక ప్రవర్తనలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాల్లో సుమారు 41 శాతం వంశపారంపర్యం వల్ల, 59 శాతం పరిసరాల వల్ల అని అది లెక్కతేల్చింది. అది మనుషుల మధ్య తేడాల లెక్కేగాని కులాల లెక్క కాదు. ఒక మనిషిలో ఇంత పాలు రక్తం, ఇంత పాలు పెంపకం అనే లెక్క అంతకంటే కాదు.

ఈ రెండూ విడివిడిగా పనిచేయవని న్యూజిలాండులోని డునెడిన్ ఊరి పిల్లలు చూపించారు. 1972–73లో పుట్టిన 1,037 మంది పిల్లల్ని పరిశోధకులు అక్కడ దశాబ్దాలుగా గమనిస్తూ వచ్చారు. మెదడులోని కొన్ని రసాయనాలను విరిచే ఒక ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువ పనిచేస్తుంది. అలాంటి మగపిల్లల్లో చిన్నతనంలో హింసకు గురైనవాళ్లు పెద్దయ్యాక హింసకు దిగడం ఎక్కువగా కనిపించిందని కాస్పి, మాఫిట్ బృందం 2002లో ప్రకటించింది. అదే పుట్టుక వుండి, దెబ్బలు తినకుండా పెరిగినవాళ్లలో ఆ తేడా కనిపించలేదు. విత్తనం ఒకటే అయినా పదునులో పడిందా, ఎండలో పడిందా అన్నదాన్నిబట్టి మొలక వుంటుందని వేరుశనగ వేసే రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చిన్నప్పుడు దెబ్బలు తిన్న ప్రతివాడూ ఇలా తయారవుతాడా? కాడు. అమెరికాలో కాథీ విడమ్ అనే పరిశోధకురాలు హింసకో నిర్లక్ష్యానికో గురైన 908 మంది పిల్లల్ని, అలాంటిదేమీ లేని 667 మందితో పోల్చి 1989లో ఫలితాలు ప్రకటించింది. మొదటి గుంపులో నూటికి 26 మంది, రెండో గుంపులో 17 మంది చిన్న వయసులోనే పోలీసు కేసుల్లో ఇరుక్కున్నారు. తేడా వుంది. కానీ దెబ్బలు తిన్న పిల్లల్లో నూటికి 74 మంది ఆ దోవ పట్టలేదన్న సంగతి కూడా అంతే ముఖ్యం. 524 మంది పిల్లల్ని ముప్ఫయ్యేళ్ల తర్వాత వెతికి చూసిన లీ రాబిన్స్ 1966లో చెప్పిందీ ఇలాంటిదే. ఇలాంటి పెద్దవాళ్లలో దాదాపు అందరూ చిన్నప్పుడు మొండిఘటాలే. కానీ మొండిఘటాలైన పిల్లల్లో ఎక్కువమంది ఇలా మారలేదు. అంటే దోవ మళ్లించే అవకాశం వుంది. ఆ అవకాశం చిన్నతనంలో వుంది.

ఇక తల్లి పెంపకం. 1944లో లండన్‌లో జాన్ బౌల్బీ 44 మంది బాల దొంగల మీద రాసిన వ్యాసం నుంచి తల్లికి దూరమైన పిల్లవాడు చెడిపోతాడన్న మాట ప్రపంచమంతా పాకింది. తండ్రి ఎక్కడున్నాడని అడిగినవాళ్లు తక్కువ. మన దగ్గరా అంతే. వాన చాలక, పంట చేతికి రాక భార్యాభర్తలు బెంగుళూరు పోయి సిమెంటు పని చేసుకుంటారు, బిడ్డ అవ్వ దగ్గర పెరుగుతాడు. వాడు చెడితే "తల్లి వదిలేసి పోయింది" అంటారు. తండ్రి కూడా పోయాడు కదా! పంటకు గిట్టుబాటు ధర లేకపోవడం, ఊళ్లో పని దొరకకపోవడం, ఎనభయ్యేళ్ల అవ్వ నెత్తిన ముగ్గురు పిల్లల్ని వదలడం, బళ్లోనూ హాస్టల్లోనూ బెత్తం తప్ప మరో భాష లేకపోవడం, ఇవన్నీ పరిసరాలు కావా? ఆ 59 శాతాన్ని తల్లి ఒక్కదాని ఖాతాలో రాయడం అన్యాయం.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఈ రుగ్మత వున్నవాళ్లు జనాభాలో నూటికి ఒకరి నుంచి నలుగురి దాకా వుంటారని వేరువేరు దేశాల అంచనాలు. వాళ్లలో ఆడవాళ్లకంటే మగవాళ్లు దాదాపు మూడు రెట్లు. మరోవైపు 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 18–49 ఏళ్ల వివాహితల్లో నూటికి 29 మంది భర్త చేతిలో హింసకు గురైనవాళ్లే. నూటికి నలుగురు రోగులు 29 మంది భార్యల్ని కొట్టలేరు కదా! మిగతావాళ్లకు ఏ రోగమూ లేదు. పై అధికారి ముందు, అప్పిచ్చిన షావుకారి ముందు వాళ్ల చేతులు ఎంత కుదురుగా వుంటాయో చూడండి. భార్యను కొట్టవచ్చని వాళ్లు నేర్చుకున్నారు, అందుకే కొడుతున్నారు. నేర్పిన బడి కూడా ఎక్కడో లేదు. ఆ సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ నూటికి 84 మంది స్త్రీలు ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబేనని చెప్పారు. కోడలిని సర్దుకుపొమ్మనే అత్తల్లో, అమ్మల్లో మనం కూడా వున్నాం.

అందుకే 'సైకో' అనే మాట దగ్గర జాగ్రత్తగా వుండాలి. 2015లో పశ్చిమ గోదావరిలో ఆడవాళ్లకు సూది గుచ్చి పారిపోతున్న మనిషికి పత్రికలు ఈ పేరు పెట్టాయి. 2024 ఎన్నికల ముందు అది రాజకీయ తిట్టు కూడా అయింది. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలి మీద జరిగిన ఘోరం తర్వాత నిందితుల్ని మృగాలన్నారు. డిసెంబరు 6న పోలీసులు నలుగుర్నీ కాల్చి చంపితే పూలు చల్లారు. ఆ కాల్పులు చంపాలన్న ఉద్దేశంతోనే జరిగాయని సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చింది. మృగం అన్నా, సైకో అన్నా జరిగేది ఒకటే. అతను మన మధ్య, మన ఇళ్లలో, మన బళ్లలో పెరిగిన మనిషన్న సంగతి మనం మర్చిపోవచ్చు. కాల్చేస్తే పని అయిపోయిందనుకోవచ్చు. మిగతా 29 ఇళ్ల గురించి మాట్లాడక్కర్లేదు.

కారణం తెలుసుకోవడం అంటే క్షమించడం కాదు. చట్టం దృష్టిలో కూడా కాదు. నేరం చేసినప్పుడు తానేం చేస్తున్నాడో, అది తప్పో ఒప్పో తెలియనంతగా మతిచెడినవాడికే మినహాయింపు. పాత శిక్షాస్మృతిలో అది 84వ సెక్షను, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షను. ఈ రుగ్మత వున్నవాడికి తప్పని తెలుసు. కాబట్టి 'వాడి స్వభావమే అంత' అన్న మాట పోలీస్ స్టేషన్లోనూ, పంచాయితీలోనూ ఎవరు చెప్పినా ఒప్పుకోనక్కర్లేదు.

ఇక పెళ్లి మందు సంగతి. ఈ నమ్మకంలో కొంచెం కూడా నిజం లేదని చెబితే అది నిజాయితీ కాదు. బోస్టన్‌లో నేరాల్లో పడిన 500 మంది కుర్రాళ్ల జీవితాలను పరిశీలించిన శాంప్సన్, లాబ్ 1993లో ఒక సంగతి చెప్పారు. గట్టి అనుబంధం వున్న పెళ్లి, కుదురైన ఉద్యోగం దొరికినవాళ్లు నేరాలకు దూరం జరిగారని. దీన్ని చూపించి పెద్దలు "మేం చెప్పలేదా" అనవచ్చు. కానీ వాళ్లు చెప్పింది తాళి గురించి కాదు, ఏళ్ల తరబడి ఇద్దరి మధ్య పెరిగే అనుబంధం గురించి. పైగా ఆ లెక్క మొగుడు బాగుపడ్డాడా లేదా అన్నది. బాగుపడని మొగుళ్ల ఇళ్లలో ఆ భార్యలు ఏమయ్యారన్నది మనం అడగాల్సిన ప్రశ్న. ఏ మందునైనా మనుషుల మీద వాడేముందు వాళ్ల ఒప్పుకోలు తీసుకుంటారు. ఇక్కడ మందుగా వాడుతున్నది ఒక ఆడపిల్లను, అదీ ఆమెకు రోగం సంగతి చెప్పకుండా. డాక్టర్ల దగ్గరే ఈ రుగ్మతకు నమ్మదగిన మాత్ర లేదు. పెద్దవాళ్లలో ఏ చికిత్స బాగా పనిచేస్తుందో తేల్చే ఆధారాలు చాలవని 2020 నాటి కాక్రేన్ సమీక్ష చెప్పింది. డాక్టర్లు చేయలేని పని పంతొమ్మిదేళ్ల పిల్ల చేయాలా?

"పిల్లల కోసమన్నా సర్దుకుపో" అనేది ఆఖరి అస్త్రం. దీనికి 2003లో ఇంగ్లండు, వేల్సుల నుంచి ఒక జవాబు వచ్చింది. శారా జాఫీ, మాఫిట్ మొదలైనవాళ్లు 1,116 జతల అయిదేళ్ల కవల పిల్లల కుటుంబాలను పరిశీలించారు. మామూలు తండ్రి అయితే అతను ఇంట్లో వున్నకొద్దీ పిల్లల నడత బాగుంది. కానీ సంఘ వ్యతిరేక ధోరణి బలంగా వున్న తండ్రి అయితే, అతను ఇంట్లో ఎంత ఎక్కువకాలం వుంటే పిల్లల నడత అంత చెడింది. పుట్టుకతో వచ్చేదీ అతని నుంచే, రోజూ చూసి నేర్చుకునేదీ అతని నుంచే కావడంతో బిడ్డ మీద దెబ్బ రెండింతలు పడుతుంది. అంటే బిడ్డ కోసం ఆ ఇంట్లో వుండిపొమ్మని మనం చెప్పే సలహా ఆ బిడ్డనే చెడగొట్టవచ్చు. ఇల్లు వదిలి వచ్చిన తల్లి సంసారం కూల్చిన మనిషి కాదు, బిడ్డను కాపాడుకున్న మనిషి కావచ్చు.

చట్టంలో ఆమెకు దోవలున్నాయి. హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ, విడాకులకు మానసిక రుగ్మత కారణం కావచ్చని చెబుతూ 'సైకోపతిక్ డిజార్డర్'ను కూడా అందులో చేర్చింది. ఇంగ్లండు నుంచి ఎరువు తెచ్చుకున్న మాట అది. ఇంగ్లండే తన మానసిక ఆరోగ్య చట్టంలోంచి 2007 సవరణతో దాన్ని తీసేసింది, మన పుస్తకంలో వుండిపోయింది. అయితే ఈ మానసిక రుగ్మత నిబంధనతో జాగ్రత్త. దీన్ని భార్యల మీద కూడా ప్రయోగించారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన అలాంటి ఒక కేసులో, భార్యకు స్కిజోఫ్రీనియా వుందని విడాకులు అడిగిన డాక్టరు భర్త వాదనను సుప్రీంకోర్టు 2013లో తోసిపుచ్చింది. మనకు డాక్టరు సర్టిఫికెట్టు వెతుక్కునే పనే లేదు. క్రూరత్వం అన్న ఒక్క కారణం చాలు. ముస్లిం స్త్రీలకు 1939 చట్టంలో కూడా ఆ కారణం వుంది. ముఖ్యమైన సంగతి దాచి పెళ్లి చేశారని తెలిస్తే, తెలిసిన ఏడాదిలోగా, తెలిసిన తర్వాత ఇష్టపడి కాపురం చేయకుండా వుంటే, హిందూ వివాహ చట్టం 12వ సెక్షను కింద పెళ్లి రద్దు కోరవచ్చు. 2005 గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ రక్షణ ఉత్తర్వు, ఇంట్లో వుండే హక్కు, మనోవర్తి ఇస్తుంది. ఆదాయం ఎంత వున్నా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం పొందే హక్కు వుంది.

అయినా కోర్టు చివరి మజిలీ. మొదటి మజిలీ చిన్నపిల్లల దగ్గర వుంది. అమెరికాలో ఎల్మైరా ప్రాంతంలో 1970ల చివర 400 మంది గర్భిణులతో ఒక ప్రయోగం మొదలైంది. నర్సులు ఇంటికి వెళ్లి, బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా తల్లికి తోడు నిలిచారు. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ముఖ్యంగా పేద ఒంటరి తల్లుల పిల్లల్లో అరెస్టులు తగ్గాయని 1998లో తేలింది. తల్లిని నిందించలేదు, తల్లికి సాయం చేశారు. ఆ పని చేయగల మనుషులు మనకూ వున్నారు. అంగన్‌వాడీ కార్యకర్త వుంది, ఆశా వుంది. కానీ వాళ్ల చేతుల్లో రిజిస్టర్లు, ఫోన్లు తప్ప ఇలాంటి పనికి తీరికా శిక్షణా ఎక్కడివి? మన పొరుగునే వున్న బళ్లారి జిల్లాలో 1985 నుంచి 1990 దాకా నిమ్హాన్స్ వాళ్లు పల్లె ఆరోగ్య కేంద్రాల్లోనే మానసిక వైద్యం అందించి చూపారు. దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా అయింది. దానిలో బడిపిల్లల నడతకూ, దెబ్బలు తినే తల్లులకూ చోటు కావాలని మనం అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం నిషేధించిన బెత్తం బళ్లోనుంచీ, హాస్టల్లోనుంచీ నిజంగా పోవాలని అడగాలి. మేకపిల్లను హింసించే ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి "మగపిల్లాడు కదా" అని నవ్వి వదిలేయకుండా, చావబాదకుండా, వాడికేం జరుగుతోందో అడిగే పెద్దవాళ్లు ప్రతి ఊళ్లో వుండాలి. సంబంధం మాట్లాడేటప్పుడు కట్నం గురించి ఎంతసేపు మాట్లాడతారో, పిల్లవాడి నడత గురించి కనీసం అంతసేపు విచారించడం అలవాటు కావాలి.

హగరిలోంచి లేచిన ఇసుక పొలం మీద పడ్డాక పారతో ఎంతకని ఎత్తిపోస్తాం? ఇసుక కదలకముందే గట్టున చెట్లు పెట్టాలని కణేకల్ రైతులకు తెలుసు. మనుషుల విషయంలో మాత్రం ఆ ఇసుకకు అడ్డంగా ఒక ఆడపిల్లను నిలబెడుతున్నాం. ఈసారి మీ ఊళ్లో ఎవరైనా "పెండ్లి చేస్తే వాడే దోవకొస్తాడు" అంటే, ఒక్క ప్రశ్న అడగండి. వాడు దోవకు రాకపోతే ఆ పిల్ల ఎక్కడికి పోవాలి?